కనుక్కోవడం ఐరానిక్ కి వదిలెయ్, సరే అనడం మాత్రం నీ చేతిలో పెట్టుకో

ప్రశ్న: అన్నా, మాది హైదరాబాద్ లో చిన్న హోస్టింగ్ కంపెనీ, బేర్ మెటల్ సర్వర్లు (మొత్తం మెషీన్ ఒక్కరికే) నెలవారీ అద్దెకి ఇస్తాం. ఇప్పటిదాకా కొత్త సర్వర్ వస్తే మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబర్, బీఎంసీ (దూరం నుంచి సర్వర్ పవర్ నడిపే చిన్న కంట్రోలర్) ఐపీ నేనే ఎక్సెల్ లో కొట్టుకుని ఒక్కొక్కటి ఐరానిక్ లో (ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ లో సర్వర్లని సిద్ధం చేసే భాగం) ఎక్కిస్తున్నా. ఇప్పుడు ఒకేసారి 48 వస్తున్నాయి, కొన్ని డెల్, కొన్ని సూపర్‌మైక్రో, కొన్ని వేరే సైట్ లో వాడి తెచ్చిన పాతవి. ఆటో డిస్కవరీ (కొత్త మెషీన్లని ఐరానిక్ తానే కనుక్కోవడం) పెట్టి చూశా, కొన్ని వచ్చాయి, కొన్ని అసలు కనబడలేదు, వచ్చినవి కూడా ఎన్‌రోల్ అనే మొదటి దశ దగ్గరే ఆగిపోయాయి. మా మేనేజర్ గారేమో కేబుల్ పెట్టి పవర్ ఇవ్వగానే అవైలబుల్ (అద్దెకి రెడీ) లోకి వచ్చెయ్యాలి, మధ్యలో మనిషి ఉండకూడదు అంటున్నారు. ఎన్‌రోల్ లో ఉన్నవాటిని ముందుకు తోసే స్క్రిప్ట్ రాసెయ్యనా? (పేరు వెయ్యొద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, ఆ స్క్రిప్ట్ మాత్రం ఇప్పుడే రాయకు, రాసుంటే క్రాన్ (టైమ్ కి స్క్రిప్టులు నడిపేది) లోంచి తీసెయ్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎన్‌రోల్ దగ్గర ఆగడం బగ్ కాదు, దాని పనే అది. ఐరానిక్ లో ఎన్‌రోల్ అంటే "ఇలాంటి మెషీన్ ఒకటుందని తెలిసింది, కానీ దాని పవర్ బటన్ నా చేతిలో లేదు" అని. బీఎంసీ యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చి మేనేజ్ అంటే అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని మేనేజబుల్ కి వస్తుంది, ఇక్కడిదాకా డిస్కుల్లోని డేటాకి ప్రమాదం లేదు. తర్వాత ప్రొవైడ్ అన్నావా, అది నేరుగా అవైలబుల్ కి పోదు, మధ్యలో క్లీనింగ్ కి వెళ్తుంది, ఆటోమేటిక్ క్లీనింగ్ డిఫాల్ట్ గా ఆన్ లోనే ఉంటుంది, క్లీనింగ్ అంటే డిస్కులు తుడిచెయ్యడం. పార్టిషన్ టేబుల్స్ పోతాయి, ఆ తర్వాత మొత్తం డిస్క్ ఎరేజ్. నువ్వు అద్దెకిచ్చేవాడివి కాబట్టి ఒక కస్టమర్ డేటా ఇంకో కస్టమర్ కి కనబడకుండా ఇది ఉండి తీరాలి, దాన్ని ఆఫ్ చెయ్యమని నేను చెప్పను. కానీ ఐరానిక్ లో ఎక్కించని ఎవడో కస్టమర్ సర్వర్ రాత్రి రీబూట్ అయ్యి, దాని బూట్ ఆర్డర్ లో నెట్‌వర్క్ ముందుండి, నీ డిస్కవరీ వీలాన్ (స్విచ్ లో విడిగా కోసిన నెట్‌వర్క్) లోనే దాని కేబుల్ ఉంటే ఏమవుద్దో ఆలోచించు. వాడి ఓఎస్ బదులు నీ ర్యామ్‌డిస్క్ (నెట్‌వర్క్ నుంచి మెమరీలోకి వచ్చే చిన్న లినక్స్) లేస్తుంది, అది "నేను కొత్త మెషీన్ని" అని ఐరానిక్ కి చెప్పుకుంటుంది, నీ స్క్రిప్ట్ దాన్ని మేనేజ్, ప్రొవైడ్ అని తోసేస్తుంది, పొద్దున్నే ఆ కస్టమర్ ఫోన్ చేసేసరికి వాడి డిస్కులు ఖాళీ. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్ లో అంతా సక్సెస్ అనే ఉంటుంది. పెళ్లి పందిట్లోకి ఎవరొచ్చినా కూర్చోబెట్టి భోజనం పెడతాం, అంతమాత్రాన బీరువా తాళాలు చేతికివ్వం కదా. సో కనుక్కోవడం నూటికి నూరుపాళ్లు ఆటోమేటిక్ చేస్కో, ప్రొవైడ్ అనే ఒక్క మాట దగ్గర మాత్రం గేటు పెట్టు, ఆ గేటు మనిషే కానక్కర్లేదు, అది కిందికి చెప్తా.

నువ్వు ఏ వెర్షనో రాయలేదు. పాత సెటప్ అయితే ఐరానిక్ ఇన్‌స్పెక్టర్ అని వేరే సర్వీస్ ఉంటుంది, 5050 పోర్ట్ మీద, అందులో నోడ్ దొరక్కపోతే ఏం చెయ్యాలనే హుక్ కి ఎన్‌రోల్ అని ఇస్తే డిస్కవరీ ఆన్ అయినట్టు. ఆ సర్వీస్ ఇప్పుడు రిటైర్ అయిపోయింది, ఆ పని మొత్తం ఐరానిక్ లోపలికే వచ్చేసింది, 6385 పోర్ట్ మీదే, కాన్ఫిగ్ లో ఆటో డిస్కవరీ అనే సెక్షన్ లో ఎనేబుల్డ్ ని ట్రూ చేసి, కొత్త నోడ్ కి ఏ డ్రైవర్ పెట్టాలో చెప్పాలి, ఐపీఎంఐ నా రెడ్‌ఫిష్ నా అని (రెండూ బీఎంసీ తో మాట్లాడే పద్ధతులే, మొదటిది పాతది, రెండోది కొత్తది). ఇప్పుడు కొత్తగా పెడుతున్నావు కాబట్టి పాత ఇన్‌స్పెక్టర్ ట్యుటోరియల్స్ చూసి పెట్టకు, ఆర్నెల్లకి మళ్లీ మార్చుకోవాల్సొస్తుంది. మెకానిజం మాత్రం రెండిట్లో ఒకటే: డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ ఇస్తుంది, ఐపీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే ప్రోగ్రామ్) స్క్రిప్ట్ ర్యామ్‌డిస్క్ ని లోడ్ చేస్తుంది, దాంట్లో ఉండే ఐరానిక్ పైథాన్ ఏజెంట్ సీపీయూ, ర్యామ్, డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు, బీఎంసీ అడ్రస్ అన్నీ చదివి, కెర్నల్ లైన్ (లినక్స్ లేచేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) లో నువ్విచ్చిన కాల్‌బ్యాక్ అడ్రస్ కి పంపిస్తుంది. ఆ అడ్రస్ లో పోర్ట్ పాతది ఉండిపోయి ఏజెంట్ లేచినా ఐరానిక్ లో ఏమీ కనబడకపోవడం చాలా కామన్, అదొకటి చూస్కో.

ఇక కొన్ని రాలేదన్నావ్ కదా, అసలు తలనొప్పంతా ఇక్కడే. ముందు డీహెచ్‌సీపీ సర్వర్ మీద టీసీపీడంప్ (ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి 67, 68 పోర్టులు చూడు, ఐపీ ఇవ్వమని ఆ మెషీన్ అరిచే అరుపు నీ దాకా వస్తోందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, అది తెలియకుండా ఐరానిక్ లాగులు చదవడం టైమ్ వేస్ట్.

అరుపే రావట్లేదంటే ముందు స్విచ్ ని అనుమానించు. పోర్ట్ మీద పోర్ట్‌ఫాస్ట్ (ఈ వెయిటింగ్ ని దాటించే సెట్టింగ్) లేకపోతే మామూలు స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్ లో లూపులు ఆపేది) లిజనింగ్ కి 15 సెకన్లు, లెర్నింగ్ కి 15 సెకన్లు తీసుకుంటుంది, లింక్ వచ్చాక అర నిమిషం దాకా ప్యాకెట్ పోదు, ఈలోపు నెట్‌వర్క్ కార్డ్ విసుగొచ్చి పీఎక్స్ఈ (నెట్‌వర్క్ బూట్) వదిలేసి డిస్క్ కి పోతుంది. రెండోది ఎల్ఏసీపీ, అంటే రెండు కేబుల్స్ ని ఒకటిగా కలిపే ప్రోటోకాల్. మీరు ప్రొడక్షన్ లో రెండు కేబుల్స్ బాండ్ చేసి ఇస్తున్నారనుకుంటా, స్విచ్ లో ఆ పోర్టులు ముందే బాండ్ లో పెట్టేసుంటారు, కానీ బూట్ టైమ్ లో నెట్‌వర్క్ కార్డ్ కి ఎల్ఏసీపీ మాట్లాడ్డం రాదు, స్విచ్ ఆ పోర్టుల్ని సస్పెండ్ చేసి కూర్చుంటుంది. దానికి ఎల్ఏసీపీ ఫాల్‌బ్యాక్ (ఎల్ఏసీపీ జవాబు రాకపోయినా పోర్ట్ ని నడవనిచ్చేది) పెట్టాలి, సిస్కో నెక్సస్ అయితే సస్పెండ్ ఇండివిడ్యువల్ అనేదాన్ని ఆఫ్ చెయ్యాలి. నెట్‌వర్క్ టీమ్ వేరే వాళ్లైతే ఈ రెండూ ఈమెయిల్ లో రాసి అడుగు, నోటిమాటగా అడిగితే "మా వైపు అంతా క్లీన్" అనే జవాబే వస్తుంది.

అరుపు వస్తోంది, ఐపీ కూడా తీసుకుంటోంది, కానీ ర్యామ్‌డిస్క్ లేవట్లేదు అంటే అది బూట్ ఫైల్ గొడవ. బయోస్ మోడ్ (పాత బూట్ పద్ధతి) కి ఒక ఫైలు, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) కి ఇంకో ఫైలు ఇవ్వాలి, మెషీన్ తానేంటో డీహెచ్‌సీపీ ఆప్షన్ 93 లో చెప్తుంది, పాత బయోస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే మామూలుగా 7. నీ పాత సర్వర్లు బయోస్ లో, కొత్తవి యూఈఎఫ్ఐ లో ఉండే ఛాన్స్ ఎక్కువ, డీఎన్ఎస్‌మాస్క్ (డీహెచ్‌సీపీ నడిపే ప్రోగ్రామ్) లో ఒకే ఫైల్ రాసుంటే సగమే వస్తాయి, నువ్వు చెప్పిన లక్షణం అచ్చం ఇలాగే ఉంది. సెక్యూర్ బూట్ (సైన్ చేసిన ప్రోగ్రాములనే లేవనిచ్చేది) ఆన్ లో ఉంటే సైన్ చెయ్యని ఐపీఎక్స్ఈ ని తోసిపుచ్చుతుంది, అప్పుడు డిస్ట్రో వాళ్లు సైన్ చేసిన షిమ్, గ్రబ్ అనే బూట్ ప్రోగ్రాముల దారి పట్టాలి.

పాతవి కొన్ని అసలు నెట్‌వర్క్ బూట్ కే రావు, ఎందుకంటే వాటి డిస్క్ లో పాత ఓఎస్ ఉంది, హాయిగా దాంట్లోకి లేస్తున్నాయి. కొత్త సర్వర్ ఖాళీ డిస్క్ తో వస్తుంది కాబట్టి దానంతటదే పీఎక్స్ఈ కి పడుతుంది, పాతదానికి రెడ్‌ఫిష్ లోంచి బూట్ సోర్స్ ఓవర్‌రైడ్ ని ఒక్కసారికి పీఎక్స్ఈ అని పెట్టి రీబూట్ కొట్టాలి. ఒక్కసారికి అనే పెట్టు, పర్మనెంట్ గా నెట్‌వర్క్ బూట్ ముందు పెట్టావంటే పైన చెప్పిన కస్టమర్ సర్వర్ కథకి నువ్వే దారి వేసినట్టు.

ర్యామ్‌డిస్క్ లేచి కూడా రిపోర్ట్ పంపలేదంటే చూడాల్సినవి రెండు. ఒకటి, ర్యామ్‌డిస్క్ లో ఆ నెట్‌వర్క్ కార్డ్ కి ఫర్మ్‌వేర్ ఉందా లేదా. టైనీ ఐపీఏ అని చిన్న ఇమేజ్ దొరుకుతుంది, టెస్టింగ్ కోసం చేసింది అది, సైజ్ చిన్నదని ప్రొడక్షన్ లో పెట్టుకుంటే డ్రైవర్లుండవు, ఇమేజ్ ని మామూలు డిస్ట్రో తోనే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కలిపి బిల్డ్ చేస్కో. రెండోది గడియారం. ఎక్కడో మూల పడుండి వచ్చిన మెషీన్లలో బయోస్ బ్యాటరీ అయిపోయుంటుంది, టైమ్ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయుంటుంది, కాల్‌బ్యాక్ హెచ్‌టీటీపీఎస్ అయితే సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని కనెక్షన్ కొట్టేస్తుంది. కెర్నల్ లైన్ లో ఏజెంట్ కి ఎన్‌టీపీ (టైమ్ సరిచేసే) సర్వర్ ఇచ్చే ఆప్షన్ ఉంది, అది పెట్టెయ్, సర్టిఫికెట్ చెకింగ్ ఆఫ్ చెయ్యకు.

ఇప్పుడు పాస్‌వర్డ్ల సంగతి, వచ్చినవి ఎన్‌రోల్ దాటకపోవడానికి అసలు కారణం ఇదే. ర్యామ్‌డిస్క్ బీఎంసీ అడ్రస్ చెప్తుంది కానీ పాస్‌వర్డ్ చెప్పడం దానివల్ల కాదు. ఒకప్పుడు డెల్ అంటే రూట్, కాల్విన్, సూపర్‌మైక్రో అంటే రెండూ అడ్మిన్ అని ఒక ఇన్‌స్పెక్షన్ రూల్ (రిపోర్ట్ చూసి నోడ్ వివరాలు నింపేది) రాసేస్తే అయిపోయేది. కాలిఫోర్నియాలో 2018 లో ఎస్‌బీ 327 అని చట్టం తెచ్చారు, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, నెట్ కి కనెక్ట్ అయ్యే ప్రతి డివైస్ కి వేరే పాస్‌వర్డ్ ఉండాలనో లేదా మొదటిసారి వాడేముందు మార్పించాలనో దాని సారాంశం, అక్కడ అమ్మే కంపెనీలు చాలావరకు ప్రపంచమంతా అదే పద్ధతికి వచ్చాయి. అందుకే ఇప్పుడు సర్వర్ ముందు లాగే ట్యాగ్ మీదో, బోర్డు మీదో ఒక్కో మెషీన్ కి ఒక్కో పాస్‌వర్డ్ ప్రింట్ చేసుంటుంది. 48 ట్యాగులు లాగి ఫొటోలు తీసుకుని టైప్ చేస్కుంటావా? అక్కర్లేదు, సీరియల్ నంబర్, బీఎంసీ మ్యాక్, పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ ని షిప్‌మెంట్ తో పాటు పంపమని వెండర్ ని అడగొచ్చు, పర్చేజ్ ఆర్డర్ లోనే షరతుగా రాయించు, సర్వర్లు డాక్ దగ్గర దిగాక అడిగితే ఎవడూ పట్టించుకోడు. ఫైల్ రాని పాతవాటికి ఇంకో దారుంది: ఓఎస్ లోపల రూట్ గా ఉన్నవాడికి బీఎంసీ తో మాట్లాడ్డానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ర్యామ్‌డిస్క్ లోంచే ఐపీఎంఐటూల్ తో కొత్త యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఐరానిక్ లో ఇది నువ్వు సొంతంగా కలుపుకోవాలి, కెనానికల్ (ఉబుంటు కంపెనీ) వాళ్ల మాస్ అనే ఇలాంటి టూల్ అయితే మెషీన్ మొదటిసారి కనబడగానే తనంతట తానే యూజర్ ని క్రియేట్ చేసి పవర్ సెట్టింగ్స్ నింపేసుకుంటుంది.

నిజం చెప్పాలంటే మీకు ఓపెన్‌స్టాక్ లో మిగతా ముక్కలేవీ అక్కర్లేకపోతే మాస్ ఒకసారి చూడమంటా, అందులో కొత్త మెషీన్ న్యూ దగ్గర ఆగుతుంది, నువ్వు కమిషన్ అంటేనే ముందుకు పోతుంది, అంటే ఆ గేటు వాళ్లు ముందే కట్టి పెట్టారు. ఐరానిక్ తోనే ఉంటానంటే బైఫ్రాస్ట్ (ఐరానిక్ ని ఒక్కదాన్నే ఇన్‌స్టాల్ చేసే టూల్) తో ఒంటరిగా నడుపుకోవచ్చు, అదీ బానే ఉంటుంది. నాకైతే ఐరానిక్ ఇష్టం, కానీ ఇద్దరు మనుషులున్న టీమ్ కి నా ఇష్టం రుద్దను.

పాస్‌వర్డ్ రూల్స్ గురించి ఇంకో మాట, దీన్ని చాలామంది లైట్ తీసుకుంటారు. ఏజెంట్ రిపోర్ట్ పంపే ఆ కాల్‌బ్యాక్ కి లాగిన్ ఉండదు, ఉండలేదు కూడా, కొత్త మెషీన్ దగ్గర ఏ తాళమూ ఉండదు కదా. అంటే ఆ వీలాన్ లో ఉన్న ఎవడైనా ఒక ఉత్తుత్తి రిపోర్ట్ పంపొచ్చు, "నేను డెల్ మెషీన్ని, నా బీఎంసీ అడ్రస్ ఇది" అని తన సొంత ఐపీ ఇవ్వొచ్చు, నీ రూల్ "డెల్ అయితే ఈ పాస్‌వర్డ్" అని నింపేస్తుంది, నోడ్ ని మేనేజ్ అన్నప్పుడు ఐరానిక్ వెళ్లి వాడి ఐపీ తలుపు తడుతుంది. రెడ్‌ఫిష్ లో సర్టిఫికెట్ చెకింగ్ ఆఫ్ లో ఉంటే పాస్‌వర్డ్ తిన్నగా వాడి చేతిలో పడుతుంది. మీ దగ్గర వీలాన్ లో పక్కనుండేది ఎవరు, అద్దెకి తీసుకుని రూట్ యాక్సెస్ ఉన్న తెలియని కస్టమర్. కాబట్టి డిస్కవరీ వీలాన్ వేరు, క్లీనింగ్ వీలాన్ వేరు, బీఎంసీ నెట్‌వర్క్ పూర్తిగా వేరు, కస్టమర్ పోర్ట్ ఈ మూడిట్లో దేంట్లోనూ ఉండకూడదు. ఎవరికీ ఇవ్వని స్విచ్ పోర్ట్ డిఫాల్ట్ గా డిస్కవరీ వీలాన్ లో ఉండాలి, మెషీన్ ఎన్‌రోల్ అవ్వగానే అందులోంచి బయటకి రావాలి. ఐపీఎంఐ 2.0 లో యూజర్ పేరు తెలిస్తే చాలు పాస్‌వర్డ్ హ్యాష్ (దాన్నుంచి పాస్‌వర్డ్ ఊహించి కనిపెట్టొచ్చు) బయటకి ఇచ్చేసే లోపం ప్రోటోకాల్ లోనే ఉంది, 2013 నుంచీ అందరికీ తెలిసిందే, ప్యాచ్ వచ్చేది కాదు, అందుకే 623 పోర్ట్ బయటి నుంచి కనబడకూడదు, రెడ్‌ఫిష్ ఉన్న మెషీన్ కి రెడ్‌ఫిషే వాడు.

గేటు విషయానికొస్తే, నెట్‌బాక్స్ పెట్టుకున్నారా? లేకపోతే పెట్టుకోండి, 2016 లో డిజిటల్ ఓషన్ వాళ్లు ఓపెన్ సోర్స్ చేసింది, ఏ ర్యాక్ లో ఏ యూనిట్ లో ఏ సీరియల్ ఉండాలో అందులో రాసుకోవచ్చు. ఆర్డర్ పెట్టిన రోజే ఆ 48 సీరియళ్లు ప్లాన్డ్ అని ఎక్కించెయ్. డిస్కవరీ తెచ్చిన సీరియల్ ఆ లిస్ట్ లో ప్లాన్డ్ గా ఉంటేనే, ర్యామ్, డిస్కుల లెక్క బిల్లుతో కలిస్తేనే, స్విచ్ పోర్ట్ అనుకున్నదే అయితేనే నీ స్క్రిప్ట్ ప్రొవైడ్ అనాలి, ఒక్కటి తేడా వచ్చినా ఉన్న దశలోనే వదిలేసి నీకు మెసేజ్ పెట్టాలి. కస్టమర్ సర్వర్ పొరపాటున వచ్చినా దాని స్టేటస్ యాక్టివ్ అనుంటుంది కాబట్టి గేటు దాటదు. మీ మేనేజర్ గారు కోరుకున్నదీ అదే కదా, అంతా సరిగ్గా ఉన్న మెషీన్ కి మనిషి అక్కర్లేదు, తేడా ఉన్నదానికే మనిషి, ఇలా చెప్తే ఆయన కాదనడు.

సీరియల్ అంటున్నా కానీ గుడ్డిగా నమ్మకు. కొన్ని సూపర్‌మైక్రో బోర్డుల్లో సీరియల్ 0123456789 అనే ఉంటుంది, అసెంబుల్డ్ వాటిల్లో "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అనే వస్తుంది, యూయూఐడీ (మెషీన్ గుర్తింపు నంబర్) అయితే 03000200-0400-0500-0006-000700080009 అనేది ప్రపంచంలో లెక్కలేనన్ని బోర్డుల్లో ఉంది. వీటిని పట్టుకుని గుర్తిస్తే రెండు మెషీన్లు ఒకటే అనుకుంటావు. ఇలాంటి పనికిరాని విలువల లిస్ట్ ఒకటి స్క్రిప్ట్ లో పెట్టుకుని, అవి వస్తే బీఎంసీ మ్యాక్ ని ఆధారం చేస్కో.

స్విచ్ పోర్ట్ తెలియాలంటే కెర్నల్ లైన్ లో ఎల్ఎల్‌డీపీ (స్విచ్ తన పేరు, పోర్ట్ చెప్పుకునే ప్రోటోకాల్) కలెక్షన్ ఆన్ చెయ్యాలి, ఏజెంట్ 30 సెకన్లు వింటుంది, స్విచ్ కూడా మామూలుగా 30 సెకన్లకోసారే చెప్తుంది, కాబట్టి కొంచెం పెంచి 60 పెట్టుకుంటే మిస్ అవ్వవు. ఇంటెల్ ఎక్స్ 710 కార్డులుంటే ఇంకో చిక్కు, దాని ఫర్మ్‌వేర్ లోనే ఎల్ఎల్‌డీపీ ఏజెంట్ ఉంటుంది, ఫ్రేములన్నీ అదే మింగేసి ఓఎస్ కి ఇవ్వదు, డేటా ఖాళీగా వస్తే ముందు ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగుల టూల్) లో ఆ ఫర్మ్‌వేర్ ఎల్ఎల్‌డీపీ ని డిసేబుల్ చేసి చూడు. కాస్త శ్రమే కానీ కేబుల్ ఒక పోర్ట్ పక్కకి పెట్టారని కస్టమర్ ఎక్కకముందే తెలుస్తుంది, నాకు మొత్తం డిస్కవరీలో దీనికే విలువ ఎక్కువ అనిపిస్తుంది.

డిస్క్ గురించి కూడా, రూట్ డిస్క్ ఏదో నువ్వు చెప్పకపోతే ఐరానిక్ 4 జీబీ పైనున్న వాటిల్లో అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకుంటుంది. పాత మెషీన్ లోపల ఎవరో వదిలేసిన ఎస్‌డీ కార్డో చిన్న సాటా డామో (బోర్డు మీద గుచ్చే చిన్న డిస్క్) ఉంటే ఓఎస్ దాంట్లోకి పోతుంది. సీరియల్ తోనో డబ్ల్యూడబ్ల్యూఎన్ (డిస్క్ సొంత గుర్తింపు నంబర్) తోనో హింట్ పెట్టే రూల్ రాస్కో, డిస్క్ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో పెట్టకు, బూట్ కి బూట్ కి అవి మారిపోతాయి. రిసోర్స్ క్లాస్ (మెషీన్ ఏ రకమో చెప్పే లేబుల్) కూడా రూల్ లోనే పెట్టొచ్చు, కానీ సీపీయూ కౌంట్ చూసి పెట్టకు, హైపర్‌త్రెడింగ్ ఆఫ్ లో ఉన్న మెషీన్ సగమే చూపిస్తుంది, మోడల్ పేరు, ర్యామ్ కలిపి చూడు.

క్లీనింగ్ టైమ్ ఎక్కువ పడుతోందని తర్వాత అడుగుతావని తెలుసు. ఎన్‌వీఎంఈ కి సెక్యూర్ ఎరేజ్ తొందరగా అయిపోతుంది, పెద్ద హార్డ్ డిస్కులు ఆ సపోర్ట్ లేకపోతే గంటలు కాదు రోజులే పట్టొచ్చు. బాక్స్ లోంచి కొత్తగా తీసినవాటికి మెటాడేటా ఎరేజ్ (పార్టిషన్ టేబుల్స్ తుడవడం) ఒక్కటి చాలు, ఆ వేరే సైట్ నుంచి వచ్చిన పాతవాటికి, కస్టమర్ తిరిగిచ్చినవాటికి మాత్రం పూర్తి ఎరేజ్ తప్పించుకోకు, ఎవరెంత తొందరపెట్టినా.

ముందు ఒక ర్యాక్ తోనే మొదలుపెట్టు, డెల్ ఒకటి, సూపర్‌మైక్రో ఒకటి, పాతది ఒకటి కలిపి. అప్పటికీ ఏదైనా రాకపోతే ఆ మెషీన్ టీసీపీడంప్, కెర్నల్ కమాండ్ లైన్, ఐరానిక్ కండక్టర్ లాగ్ పంపు, పాస్‌వర్డ్లు కొట్టేసి పంపు.